వైట్‌హౌస్‌లో సంగీతం ఆగాక మిగిలినవి

పోయిన సంచికలో అమెరికా అధ్యక్షుడు కెనెడీ, ఆయన భార్య జాక్వెలీన్ గురించి నాలుగు మాటలు రాశాను. దేశాన్ని నడిపే మనిషీ, ఆయన ఇల్లాలూ కలిసి కళలకు అండగా నిలబడితే ఏమవుతుందో 1961 నుంచి 1963 దాకా వాషింగ్టన్‌లో కనిపించిందని నా మాట. దానికి మెచ్చుకుంటూ కొన్ని ఉత్తరాలు, నిలదీస్తూ ఇంకా ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి. నిలదీసిన వాళ్ళకే ముందు జవాబు చెబుతాను.

ప్రశ్న: జాక్వెలీన్ కెనెడీ వైట్‌హౌస్‌ని తిప్పి చూపించిన పాత టీవీ కార్యక్రమం చూశాను. కుర్చీలు, బల్లలు, కర్టెన్లు, పింగాణీ. ఇల్లు సర్దుకోవడాన్ని కూడా కళాసేవ అనాలా?

1962 ఫిబ్రవరి 14న ప్రసారమైన కార్యక్రమం అది. మీకు కనిపించింది సర్దుడే, కాదనను. కానీ అప్పటికి ఐదు నెలల ముందే జరిగిన ఒక పని ఆ కెమెరాలకు అందేది కాదు.

ఆమె ఆ ఇంట్లో అడుగుపెట్టేసరికి, అంత చరిత్ర ఉన్న భవనంలో పాత వస్తువులు చాలా తక్కువగా ఉన్నాయి. కారణం తేలికే. వచ్చిన ప్రతి అధ్యక్షుడూ తనకు నచ్చనివి తీసేయించవచ్చు, అమ్మేయవచ్చు. 1882లో చెస్టర్ ఆర్థర్ ఏకంగా 24 బళ్ళ సామాను వేలం వేయించారు. పాతవి అమ్మేసి ఆ డబ్బుతో కొత్తవి కొనుక్కోవడం అక్కడ మామూలు వ్యవహారం. ఆ సామానుతో పాటు ఎవరెవరి చేతిపని, ఏయే కాలపు వడ్రంగం పోయిందో లెక్క రాసినవాళ్ళు లేరు.

ఇంటి మరమ్మతులకు ప్రభుత్వం ఇచ్చిన 50 వేల డాలర్లు కుటుంబం ఉండే గదులకే చాలలేదు. మిగతా భవనం కోసం ఆమె ఒక కమిటీ వేశారు. దానికి పెద్దగా హెన్రీ డుపాంట్‌ని పెట్టారు. డెలావేర్‌లోని వింటర్‌థర్ మ్యూజియం స్థాపించిన మనిషి, అమెరికా పాత ఫర్నిచర్ గురించి ఆయనకు తెలిసినంత ఇంకొకరికి తెలియదని పేరు. దేశంలో ఎవరి ఇంట్లో ఏ వస్తువు ఉందో కనుక్కుని, అడిగి, విరాళంగా తెచ్చారు. ఇంట్లోనే మూలన పడి ఉన్నవీ దొరికాయి. ఇప్పుడు ఓవల్ ఆఫీసు ఫొటోల్లో కనిపించే పెద్ద బల్ల ఉంది చూడండి, అది రెజల్యూట్ అనే బ్రిటిష్ ఓడ కలపతో చేయించి 1880లో విక్టోరియా రాణి పంపిన కానుక. కింది అంతస్తులో ప్రసారాలకు వాడే గదిలో ఉన్న దాన్ని ఆమె చూసి, 1961లో భర్త ఆఫీసులోకి మార్పించారు.

ఇక ఆ కెమెరాలకు అందని పని. 1961 సెప్టెంబర్‌లో ఒక చట్టం వచ్చింది. వైట్‌హౌస్‌లో చారిత్రక విలువో కళా విలువో ఉన్న వస్తువుల్ని ఇక ఏ అధ్యక్షుడూ అమ్మడానికి వీల్లేదు. అక్కర్లేకపోతే స్మిత్‌సోనియన్ మ్యూజియంకి అప్పగించాలి. ఆ ఏడాదే వైట్‌హౌస్‌కి మొదటిసారి ఒక క్యురేటర్‌ని పెట్టారు. అంటే ఏ వస్తువు ఎక్కడిది, ఎవరిచ్చారు, ఏ స్థితిలో ఉంది అని రాసి పెట్టే మనిషి. నవంబర్‌లో వైట్‌హౌస్ హిస్టారికల్ అసోసియేషన్ పుట్టింది. మరుసటేడు వాళ్ళు ఒక గైడ్ పుస్తకం వేసి ఒక డాలరుకి అమ్మారు. ఆ వచ్చిన డబ్బు మళ్ళీ వస్తువులు సేకరించడానికే. నన్నడిగితే ఆ ఇంట్లోని షాండ్లియర్లన్నింటికన్నా ఆ డాలరు పుస్తకమే గొప్ప ఆలోచన. ఇల్లు చూడటానికొచ్చిన మామూలు మనిషి కూడా అందులో భాగస్వామి అయ్యాడు.

ఒక్కటి మాత్రం నాకు నచ్చలేదు. గదుల రూపురేఖల్లో స్టెఫాన్ బూదాన్ అనే ఫ్రెంచ్ డెకొరేటర్ పాత్ర చాలా ఉంది. అమెరికా అధ్యక్షుడి ఇంటికి ఫ్రెంచివాడా అని జనం అంటారని ఆ సంగతి పెద్దగా బయటికి రానివ్వలేదు. పని చేసిన మనిషి పేరు చెప్పకపోవడం ఏ కారణంతోనైనా తప్పే.

ప్రశ్న: కెనెడీకి శాస్త్రీయ సంగీతం మీద పెద్ద ఆసక్తి లేదని చదివాను. అదంతా భార్య అభిరుచి అయినప్పుడు ఆయనకు ఘనత ఎందుకు కట్టబెట్టాలి?

మీరు చదివింది నిజమే. కచేరీల్లో కూర్చోవడం ఆయనకు ఇష్టమైన పని కాదు. కవిత్వం, చరిత్ర ఆయనవి. సంగీతం, చిత్రలేఖనం, నాట్యం ఆమెవి. అయితే ఒక్క రాత్రి గురించి చెబుతాను, తర్వాత మీరే తేల్చండి.

1961 నవంబర్ 13. ప్యూర్టోరికో గవర్నర్ లూయిస్ మునోజ్ మారిన్ గౌరవార్థం వైట్‌హౌస్‌లో విందు. భోజనాలయ్యాక అందరూ ఈస్ట్ రూమ్‌లోకి వచ్చారు. అక్కడ చెల్లో (వయొలిన్ జాతికి చెందిన పెద్ద వాద్యం) పట్టుకుని పాబ్లో కజాల్స్. అప్పటికి ఆయనకు 84 ఏళ్ళు. స్పెయిన్ అంతర్యుద్ధంలో నియంత ఫ్రాంకో గెలిచాక దేశం వదిలి వచ్చేసిన కాటలాన్ మనిషి, అంటే అక్కడి కాటలోనియా ప్రాంతం వారు. ఫ్రాంకో ప్రభుత్వాన్ని గుర్తించిన ఏ దేశంలోనూ కచేరీ చెయ్యనని పట్టుబట్టి కూర్చున్నారు. అమెరికా ఆ ప్రభుత్వాన్ని గుర్తించింది. 1958లో న్యూయార్క్‌లో వాయించినా అది ఐక్యరాజ్యసమితి సభలో. అలాంటి మనిషి కెనెడీ మీద గౌరవంతో ఈ పిలుపుకి ఒప్పుకున్నారు. ఒప్పుకున్నందుకు ఫ్రాంకో విషయంలో తన మాట కెనెడీకి ముఖాముఖి చెప్పుకునే అవకాశం కూడా దొరికింది.

పియానో మీద మియెచిస్లావ్ హోర్షోవ్‌స్కీ, వయొలిన్ మీద అలెగ్జాండర్ ష్నైడర్. మెండెల్సన్ మూడు వాద్యాలకు రాసిన త్రయం, షూమాన్, కూపెరాన్‌ల రచనలు వాయించారు. చివర్లో కజాల్స్ తన ఊరి పాట అందుకున్నారు, పక్షుల పాట అనే కాటలాన్ క్రిస్మస్ పాట. దేశం వదిలాక ఆయన కచేరీల్లో అది తప్పకుండా ఉండేది. విన్నవాళ్ళలో అమెరికా సంగీతంలో పెద్ద పేర్లైన లియోనార్డ్ బెర్న్‌స్టైన్, ఏరన్ కోప్లండ్, స్టొకోవ్‌స్కీ ఉన్నారు. ఇంకొకావిడ కూడా ఉన్నారు, ఆలిస్ రూజ్‌వెల్ట్ లాంగ్‌వర్త్. 1904లో ఆవిడ తండ్రి థియోడర్ రూజ్‌వెల్ట్ అధ్యక్షుడిగా ఉన్నప్పుడు కజాల్స్ ఇదే ఇంట్లో వాయించారు. ఆ కచేరీ విన్న ఆలిస్ 57 ఏళ్ళ తర్వాత ఇదీ విన్నారు.

నేను వీణ నేర్పే మనిషిని. ప్లేట్ల చప్పుడు మధ్య, అతిథులు వడ్డన వైపు చూస్తుండగా వాయించిన రోజులు నాకూ ఉన్నాయి. అందుకని ఆ హాల్లో ఎవరెవర్ని కూర్చోబెట్టారన్నది నాకు చాలా ముఖ్యంగా తోస్తుంది. సంగీతం తెలిసినవాళ్ళని పిలిచి, వాళ్ళ ముందు వాయించమన్నారు. ఆ పిలుపుల వెనక ఉన్నది జాక్వెలీన్. కచేరీకి ముందు లేచి, కళాకారుడు తనకూ తన పనికీ నిజాయితీగా ఉండాలంటే స్వేచ్ఛ ఉన్న మనిషి అయి ఉండాలని మేం నమ్ముతున్నాం అన్న అర్థంలో మాట్లాడింది కెనెడీ. ఫ్రాంకో కారణంగా ఇల్లు వదిలిన మనిషిని పక్కన పెట్టుకుని, ఫ్రాంకోతో దౌత్యం నడుపుతున్న దేశాధ్యక్షుడు ఆ మాట అనడం చిన్న సంగతి కాదు. చెవికి సంగీతం పట్టకపోయినా ఫరవాలేదు, ఈ మాట విలువ పట్టింది కదా.

అక్కడితో ఆగలేదు. 1962లో ఆగస్ట్ హెక్షర్ అనే ఆయన్ని కళల విషయంలో ప్రత్యేక సలహాదారుగా వేసుకున్నారు. 1963లో ఆయన ఇచ్చిన నివేదిక పన్నులు, కట్టడాలు, కాపీరైటు, స్టాంపుల డిజైన్ దాకా అన్నీ తిరగేసింది. అంటే ప్రభుత్వం రోజూ చేసే పనుల్లో కళ ఎక్కడెక్కడ తగులుతోందో చూసింది. ఆ జూన్‌లో ఒక సలహా మండలికి కెనెడీ ఉత్తర్వు ఇచ్చారు. సభ్యుల్ని వేసేలోపే నవంబర్ వచ్చింది, కెనెడీ హత్య జరిగింది. పని పూర్తి చేసింది ఆయన తర్వాత అధ్యక్షుడైన లిండన్ జాన్సన్. 1965 సెప్టెంబర్ 29న ఆయన సంతకంతో జాతీయ కళల నిధి ఏర్పడింది. ఈ ముక్క చాలామంది మర్చిపోతారు. కెనెడీలకు దక్కిన పొగడ్తలో జాన్సన్‌కి రావాల్సిన వాటా చాలానే ఉంది.

ఇంకొక్కటి చెప్పి ముగిస్తాను. 1961 జనవరి 20న ప్రమాణ స్వీకారానికి కవి రాబర్ట్ ఫ్రాస్ట్‌ని పిలిచారు. 86 ఏళ్ళ మనిషి. ఆ రోజు కోసం రాసుకొచ్చిన కవిత మంచు మీద పడ్డ ఎండ కళ్ళల్లో కొట్టి చదవలేకపోయారు. జాన్సన్ తన టోపీ అడ్డం పెట్టినా లాభం లేకపోయింది. కాగితం పక్కన పెట్టి, నోటికొచ్చిన పాత కవిత చెప్పారు. రెండేళ్ళకు ఫ్రాస్ట్ పోయారు. 1963 అక్టోబర్ 26న ఆమ్‌హర్స్ట్ కాలేజీలో ఆయన పేరున కట్టే లైబ్రరీకి శంకుస్థాపన. అక్కడ కెనెడీ మాట్లాడుతూ, అధికారం మనిషిని అహంకారం వైపు తోస్తే కవిత్వం అతని హద్దులు గుర్తు చేస్తుందన్నారు. కళ ప్రచారం కాదు, అది సత్యానికి ఒక రూపం అన్నారు. కుర్చీలో ఉన్నవాడు కవిని తన మీద కాపలా పెట్టుకుంటున్నానని చెప్పుకోవడం ఇది. ఈ ప్రసంగం పూర్తి పాఠం దొరుకుతుంది, తప్పకుండా చదవండి.

ప్రశ్న: ప్రభుత్వం చేసే పని నచ్చని కళాకారుడు ఆ ప్రభుత్వం పిలిస్తే వెళ్ళాలా, మానాలా?

రెండూ చేసినవాళ్ళున్నారు. రెండూ సరైనవే అని నా అభిప్రాయం, వెళ్ళినా మానినా నోరు మూసుకోకపోతే.

1962 ఏప్రిల్ 29న నోబెల్ గ్రహీతలకు వైట్‌హౌస్‌లో విందు ఇచ్చారు. రసాయనశాస్త్రంలో నోబెల్ వచ్చిన లినస్ పాలింగ్ అణు పరీక్షలు ఆపాలని బయట ప్లకార్డు పట్టుకుని తిరిగి, సాయంత్రం బట్టలు మార్చుకుని విందుకి లోపలికొచ్చారు. కెనెడీ మొహం చిట్లించలేదు. మీరు అనుకున్నది చెబుతూనే ఉండండని పలకరించారు. ఆయన శాస్త్రవేత్తే, కళాకారుడు కాదు. అయినా మీ ప్రశ్నకి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

మూడేళ్ళకు వాతావరణం మారింది. 1965 జూన్ 14న జాన్సన్ దంపతులు వైట్‌హౌస్‌లో కళల ఉత్సవం పెట్టారు. కవి రాబర్ట్ లోవెల్ ముందు ఒప్పుకుని, వియత్నాం యుద్ధం మీద అసమ్మతితో రానని అధ్యక్షుడికి ఉత్తరం రాశారు. అది పేపర్లలో మొదటి పేజీకెక్కింది. జాన్సన్ మండిపడ్డారు. రచయిత జాన్ హెర్సీ మాత్రం వెళ్ళారు. వెళ్ళి, హిరోషిమా మీద తాను రాసిన పుస్తకంలోంచి కొన్ని భాగాలు అధ్యక్షుడి భార్య లేడీ బర్డ్ జాన్సన్ వింటుండగానే చదివారు. ఒకరు గుమ్మం బయట ఆగి, ఒకరు గుమ్మం లోపలికెళ్ళి అదే మాట చెప్పారు. ఇంత రగడ జరిగాక కూడా మూడున్నర నెలలకు జాన్సన్ కళల నిధి చట్టం మీద సంతకం పెట్టారు. కోపం వచ్చినా డబ్బు ఆపలేదు. ఆయన గురించి నేను చెప్పగలిగిన అతి మంచి మాట ఇది.

ప్రశ్న: తినడానికి లేనివాళ్ళు ఉండగా పన్నుల సొమ్ము నాటకాలకీ బొమ్మలకీ పెట్టడం న్యాయమేనా?

తినడానికి లేనివాళ్ళలో నాటకాలు వేసేవాళ్ళు, బొమ్మలు గీసేవాళ్ళు ఉండరా? 1930ల మాంద్యంలో ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ ప్రభుత్వాన్ని ఇదే అడిగారు. సహాయ పథకాలు చూసే హ్యారీ హాప్కిన్స్ ఇచ్చిన జవాబు ఒక్క ముక్క: వాళ్ళూ అందరిలాగే తినాలి కదా!

1935లో చిత్రకారులకు, సంగీతకారులకు, నటులకు, రచయితలకు వేరువేరుగా ప్రభుత్వ పథకాలు పెట్టారు. రోడ్డు వేసే కూలీకి ఇచ్చినట్టే వీళ్ళకీ జీతం. ఆసుపత్రుల్లో, బడుల్లో గోడల మీద బొమ్మలు వేశారు. అప్పటికి ఎవరికీ తెలియని జాక్సన్ పొలాక్, మార్క్ రోత్కో ఆ జీతం మీద బతికారు. నాటక విభాగం హాలీ ఫ్లానగన్ చేతిలో ఉండేది. 1936లో హార్లెమ్‌లో నల్లజాతి నటులతో మాక్‌బెత్ వేశారు, దర్శకుడు ఇరవై ఏళ్ళ ఆర్సన్ వెల్స్. నాటకాలు ప్రభుత్వాన్నే ప్రశ్నిస్తున్నాయని, వామపక్ష వాసన కొడుతోందని 1939లో పార్లమెంటు ఆ విభాగానికి డబ్బు ఆపి మూయించింది. అధ్యక్షుడి భార్య ఎలినార్ రూజ్‌వెల్ట్ దాన్ని చివరిదాకా సమర్థించారు, కానీ కాపాడలేకపోయారు.

అదే ఏడు ఆమె ఇంకో పని చేశారు. మేరియన్ ఆండర్సన్ అనే గొప్ప గాయని నల్లజాతి మనిషి కావడంతో వాషింగ్టన్‌లో కాన్‌స్టిట్యూషన్ హాలు ఇవ్వం అన్నారు, దాన్ని నడిపే మహిళా సంఘం వాళ్ళు. ఎలినార్ ఆ సంఘంలో సభ్యురాలు. రాజీనామా చేసి, తన పేపరు కాలమ్‌లో ఆ సంగతి రాశారు. ఏప్రిల్ 9న, ఈస్టర్ రోజు, లింకన్ మెమోరియల్ మెట్ల మీద ఆండర్సన్ పాడారు. 75 వేల మంది నిలబడి విన్నారు. దీనికి ఖజానా నుంచి పెద్ద ఖర్చేం కాలేదు. మీరు డబ్బు గురించి అడిగారు గనక చెబుతున్నాను, నాయకుడి ఇంట్లోవాళ్ళు కళ కోసం చేయగలిగే పనుల్లో చాలావాటికి పైసా అక్కర్లేదు. ఇరవై రెండేళ్ళకు కెనెడీ ప్రమాణ స్వీకారంలో జాతీయ గీతం పాడింది ఈ మేరియన్ ఆండర్సనే.

ప్రశ్న: పెద్దవాళ్ళ విందుల సంగతి సరే. పిల్లలకేమైనా చేశారా?

చేశారు. యువ కళాకారులు తమ ఈడు పిల్లల కోసమే వాయించే కచేరీలు వైట్‌హౌస్‌లో జాక్వెలీన్ మొదలుపెట్టారు. ఇంకా మంచి కథ 1962 నవంబర్ 29ది. వాషింగ్టన్‌లో కట్టబోయే జాతీయ కళాకేంద్రానికి చందాల కోసం టీవీ కచేరీ పెట్టారు. ఆ కేంద్రానికి చట్టం 1958లోనే ఐసన్‌హోవర్ హయాంలో వచ్చింది గానీ డబ్బు లేక పని కదల్లేదు. ఆ రాత్రి బెర్న్‌స్టైన్ ఒక ఏడేళ్ళ పిల్లవాడిని, అతని అక్కని కెనెడీ దంపతుల ముందు పరిచయం చేశారు. పిల్లవాడు చెల్లో వాయించాడు, అక్క పియానో. కజాల్స్ విని మెచ్చి పంపిన పిల్లవాడు. పేరు యో-యో మా, తర్వాత ప్రపంచమంతా మెచ్చిన చెల్లో విద్వాంసుడు.

కేంద్రం 1971 సెప్టెంబర్ 8న కెనెడీ పేరుతో తెరుచుకుంది. జాక్వెలీన్ కోరితే బెర్న్‌స్టైన్ ప్రత్యేకంగా రాసిన సంగీత నాటకంతో మొదలైంది. నేను అక్కడికి వెళ్ళినప్పుడు టికెట్టు కొన్న కచేరీ కన్నా ముందు హాలు నడవాలో చూసిందే ఎక్కువ మనసుకి పట్టింది. 630 అడుగుల పొడవు, ఎర్ర తివాచీ, పైన స్వీడన్ ఇచ్చిన స్ఫటిక దీపాలు, గోడలకు ఇటలీ పంపిన పాలరాయి. ఆ చివర చిన్న వేదిక మీద టికెట్ లేని కచేరీ జరుగుతోంది. ఆఫీసు బ్యాగులు భుజాన వేసుకుని వచ్చినవాళ్ళు, స్ట్రాలర్‌లో పసివాళ్ళతో అమ్మలు, నేల మీద బాసింపట్టు వేసుకున్న కాలేజీ పిల్లలు. ఒక పాప వేదికకు రెండడుగుల దూరంలో నిలబడి డ్రమ్ముల మనిషి చేతులనే చూస్తోంది. వాళ్ళ నాన్న పిలిచినా కదల్లేదు. 2011లో కెనెడీ సెంటర్ పురస్కారం అందుకున్నవాళ్ళలో యో-యో మా ఉన్నారు.

ప్రశ్న: పదవి పోయాక జాక్వెలీన్‌కి ఈ ఆసక్తి మిగిలిందా? లేక హోదాతోనే పోయిందా?

మిగిలింది, ఇంకా పదునెక్కింది. నిజానికి పదవిలో ఉండగానే ఆమె దృష్టి ఇంటి గోడలు దాటింది. వైట్‌హౌస్ ఎదుటి లఫయెట్ స్క్వేర్ చుట్టూ పాత ఇళ్ళు కూలగొట్టి ప్రభుత్వ ఆఫీసులు కట్టాలని పథకం సిద్ధమైంది. ఆమె అడ్డం పడ్డారు. జాన్ కార్ల్ వార్నెకే అనే ఆర్కిటెక్ట్ పాత ఇళ్ళను ముందు అలాగే ఉంచి, వాటి వెనక కొత్త ఆఫీసులు లేపే ప్లాను గీశారు. ఇప్పుడు వెళ్ళినా అలాగే కనిపిస్తుంది.

న్యూయార్క్‌లో అసలు పరీక్ష వచ్చింది. అక్కడి పాత పెన్ రైల్వే స్టేషన్‌ని 1963లో కూలగొట్టడం మొదలుపెట్టారు, అడ్డుకోవాలన్నా చట్టం లేదు. ఆ దెబ్బ తర్వాత 1965లో నగరం పాత కట్టడాల రక్షణ చట్టం తెచ్చుకుంది. గ్రాండ్ సెంట్రల్ స్టేషన్ నెత్తిన ఆఫీసు టవర్ కడతామని 1968లో యజమాని కంపెనీ అడిగితే నగరం కుదరదంది. కంపెనీ కోర్టుకెళ్ళింది. 1975 జనవరిలో కింది కోర్టు కంపెనీ వైపు తీర్పిచ్చింది. నగరం చేతిలో డబ్బు లేదు, అప్పీలుకెళ్ళి ఓడితే నష్టపరిహారం కట్టాలేమోనని మేయర్ ఆఫీసు వెనకాడుతోంది.

ఆ వార్త చూసి జాక్వెలీన్ తనంతట తానే స్టేషన్ కోసం పోరాడుతున్న సంఘంలో చేరారు. అదే నెలలో ఆ స్టేషన్‌లోనే విలేకరుల ముందు నిలబడ్డారు. మేయర్ ఏబ్రహాం బీమ్‌కి స్వయంగా ఉత్తరం రాశారు, మన నగరం గర్వంగా చూపించుకునే కట్టడాలన్నీ ఊడబెరుక్కుంటూ దాన్ని కొంచెం కొంచెంగా చావనివ్వడం క్రూరం కాదా అని. నగరం అప్పీలుకి వెళ్ళింది. 1978లో కేసు సుప్రీంకోర్టుకి చేరినప్పుడు మద్దతు కూడగట్టడానికి సంఘం వాళ్ళు న్యూయార్క్ నుంచి వాషింగ్టన్‌కి రైలు వేసుకుని వెళ్ళారు, ఆమె కూడా ఎక్కారు. 1978 జూన్ 26న ఆరుగురు జడ్జీలు నగరం వైపు, ముగ్గురు కంపెనీ వైపు తేల్చారు. ఆ తీర్పుతో గ్రాండ్ సెంట్రల్ ఒక్కటే కాదు, అమెరికాలోని మిగతా నగరాలు చేసుకున్న ఇలాంటి చట్టాలూ నిలబడ్డాయి.

అప్పటికి ఆమె ఒక ప్రచురణ సంస్థలో ఎడిటర్‌గా ఉద్యోగం చేస్తున్నారు. 1994లో చనిపోయేదాకా ఆ పనిలోనే ఉన్నారు. నాట్యం, చిత్రకళ, చరిత్ర మీద పుస్తకాలు ఎన్నో ఆమె చేతి మీదుగా వచ్చాయి.